అష్టా చెమ్మా నుంచి నోటుబుక్కు దాకా

యాగంటి బసవన్న ఇరవై ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతాడని మా వైపు చెప్పుకుంటారు. ఒకప్పుడు చుట్టూ తిరిగి ప్రదక్షిణ చేసేవాళ్లమనీ, ఇప్పుడు స్తంభానికీ బసవన్నకూ మధ్య మనిషి దూరే సందు లేదనీ పెద్దవాళ్లు చూపిస్తారు. కలియుగాంతాన లేచి రంకె వేస్తాడన్న వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం సరేసరి. నమ్మకం సంగతి నమ్మకానికే వదిలి, ఐదారు తరగతుల పిల్లలతో ఆ అంగుళం గురించి మాట్లాడి చూడండి. ఇరవై ఏళ్లకు ఒకటైతే వందేళ్లకు ఎన్ని? ఐదు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఏడాదికి 1.27. జామెట్రీ బాక్సులోని స్కేలు మీద అన్నిటికంటే చిన్న గీత ఒక మిల్లీమీటరు. ఈ ఉగాదికి కొలిచి మళ్లీ ఉగాదికి కొలిస్తే తేడా ఒక గీతకు కాస్త పైన. స్కేలు రవ్వంత వాలినా, కన్ను రవ్వంత పక్కకు జరిగినా అంతకు మించిన తప్పు వస్తుంది. మరి పెరిగిందో లేదో తేల్చాలంటే ఎన్నేళ్లు ఆగాలి? ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలవాలి? ఒకసారి కొలిస్తే చాలునా? కోనేటి మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే అరగంటలో భాగహారం, దశాంశాలు, కొలతలో వచ్చే దోషం, మూడూ వచ్చి వెళతాయి.

ఇంటి చుట్టూ లెక్కలకు కొదవ లేదని చెప్పడానికి ఇది చాలు. అయితే ఈ వ్యాసం అడిగే ప్రశ్న అది కాదు. ఆడుతూ, చేత్తో పట్టుకుని చూస్తూ పిల్లలు ఇంట్లో నేర్చుకున్న లెక్క బడిలో నోటుబుక్కు దాకా వస్తుందా? "ఆటలతో గణితం" అన్న మాట ఇప్పుడు ప్రభుత్వ పత్రాల్లో కూడా మామూలైపోయింది. 2020 జాతీయ విద్యావిధానం, 2021లో మొదలైన నిపుణ్ భారత్, 2023లో వచ్చిన జాదూయీ పిటారా ఆటవస్తువుల పెట్టె, అన్నీ అదే పాట. అవసరం ఉందనడంలో అనుమానమేమీ లేదు. అసర్ 2024 సర్వే ప్రకారం పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30.7 శాతం. మూడో తరగతిలో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. ఇవి దేశం మొత్తం అంకెలు. ఆట దీనికి మందు అవుతుందా అంటే జవాబు అవునూ కాదూ రెండూ. ఎప్పుడు అవును, ఎప్పుడు కాదు అన్నదే చూడాలి.

ముందు మన ఇళ్లలో ఉన్న సరుకు సంగతి. బేతంచెర్ల, బనగానపల్లె చుట్టుపక్కల ఇళ్లలో నేల అంటే నాపరాయే. దాని మీద సుద్దముక్కతో ఐదు గళ్లు అడ్డం, ఐదు గళ్లు నిలువు గీస్తే అష్టా చెమ్మా పటం సిద్ధం. గవ్వలు లేకపోతే చింతగింజల్ని ఒకవైపు నేలకేసి అరగదీస్తే తెల్లపక్క, నల్లపక్క వస్తాయి. నాలుగు గింజలు వేస్తే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లవైతే చెమ్మా, నాలుగు. ఒక్కటీ తెల్లది లేకపోతే అష్టా, ఎనిమిది. అష్టా పడినా చెమ్మా పడినా మళ్లీ వేసే హక్కు ఉంటుంది.

ఈ పటాన్ని కాసేపు ఆట మరిచి చూడండి. వెలుపలి చుట్టులో 16 గళ్లు. లోపలి చుట్టులో 8. మధ్యలో ఒకటి. మొత్తం 25, అంటే ఐదైదులు. ఏడు గళ్ల పటం గీస్తే బయట ఇంకో చుట్టు వస్తుంది, అందులో 24. ఒకటి, ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు: నడిగడిని వదిలేస్తే ఒక్కో చుట్టుకు ఎనిమిదేసి పెరుగుతున్నాయి. తొమ్మిది గళ్ల పటానికి బయటి చుట్టులో ఎన్నని అడిగితే కొందరు పిల్లలు గీసి లెక్కపెడతారు, కొందరు 32 అని ముందే అనేస్తారు. ముందే అన్న పిల్లను "ఎట్లా తెలిసింది?" అని అడగడమే ఇందులో అసలు పని.

గింజల లెక్క ఇంకా బాగుంటుంది. ఒక్కో గింజ తెల్లగానో నల్లగానో పడాలి. నాలుగు గింజలకు రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, అంటే 16 రకాలుగా పడే వీలుంది. అందులో ఒకటి పడే దారులు 4, రెండు పడే దారులు 6, మూడు పడే దారులు 4, చెమ్మాకు ఒకటే, అష్టాకు ఒకటే. అందుకే రెండు ఊరికే పడుతూ ఉంటుంది, అష్టా కోసం చేతులు నలుపుకోవాలి. సగటు తీస్తే పందేనికి సరిగ్గా రెండున్నర గళ్లు. అరగదీసిన గింజ రెండు పక్కలా సమానంగా పడదు కాబట్టి అసలు ఆటలో ఇంత చక్కగా రాదు. నలుగురు పిల్లలు వందసార్లు వేసి, పడిన ప్రతిదానికీ గీత గీసుకుంటూ పోతే ఏ గింజల జత "మంచిది"గా ఎందుకు పేరు తెచ్చుకుందో బయటపడుతుంది. సంభావ్యత అన్న పాఠం హైస్కూల్లో రూపాయి బిళ్లతో, పాచికతో మొదలవుతుంది. అంతకు చాలా ముందే గవ్వలతో దాని రుచి చూపించవచ్చు.

ఆడే తీరు కూడా ముఖ్యం. బనగానపల్లె దగ్గర ఒకరింట్లో జేజీ, మనవడూ ఆడుతుండగా చూశాను. పిల్లవాడికి మూడు పడింది, చెయ్యి కాయ మీదికి పోయింది.

"ఎత్తొద్దు. ముందు చెప్పు, యాడికి పోతావు?"

"ఆడికి," అని వేలు చూపించాడు.

"అది నా కాయ ఉండే గడి. చంపుతావా? ఇంగో కాయ నడిపితే పండుతుంది కదా, దానికెన్ని గావాల?"

పిల్లవాడు పెదాలు కదిలిస్తూ చూపుతోనే గళ్లు ఎంచాడు. "రెండు చాలు జేజీ, మూడు ఎక్కువ."

"అట్లయితే చంపుకో. నాకేమి!"

ఆ జేజి బడికి పోయిందో లేదో అడగలేదు. కాయ ఎత్తకముందే చెప్పించడం, రెండు దారులు ముందు పెట్టి పోల్చమనడం, ఏ శిక్షణ శిబిరంలోనైనా రోజంతా చెప్పే రెండు మాటలూ ఆమె ఊరికే చేసేసింది. ఆట వేగంగా పోవాలని కాయను టకటకా జరిపే పెద్దవాళ్ల దగ్గర అదే పటం మీద ఈ లాభం ఉండదు.

మిగతా ఆటల గురించి ఇంత చెప్పక్కర్లేదు. వామన గుంటలకు పద్నాలుగు గుంటలు. ఐదేసి గింజలు పోస్తే 70. ఏ గుంటలో గింజలు తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో ఊహించడం చిన్నపిల్లలకు మంచి కసరత్తు. మూడు పులులు, పదిహేను మేకల పులిజూదం, దాడి ఆట ఎత్తుకు పై ఎత్తు నేర్పుతాయి గానీ వాటిలో అంకెల పని తక్కువ. చదరంగం ఆడితే లెక్కలు వస్తాయని నంద్యాలలో కూడా చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. ఇంగ్లండులో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ సుమారు వంద బడులతో చదరంగం పాఠాలను పరీక్షించి, 2016లో ఫలితం ప్రకటించింది: గణితం మార్కుల్లో తేడా ఏమీ కనబడలేదు. చదరంగం చదరంగం కోసం ఆడుకోవచ్చు, లెక్కల ట్యూషనుకు బదులుగా మాత్రం కాదు.

అంకెలున్న పటాల సంగతి వేరు. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అమెరికాలో పేద కుటుంబాల బడిముందు వయసు పిల్లలతో ఒక చిన్న ఆట ఆడించారు. ఒకటి నుంచి పది దాకా వరసగా గళ్లు, ప్రతి గడిలో అంకె. పడినన్ని గళ్లు జరుపుతూ ఆ గడి అంకెను పైకి చదవాలి. ఇంకో గుంపుకు అదే ఆట, అంకెలకు బదులు రంగులు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు, అంతే. అంకెల పటం ఆడినవాళ్లకు లెక్కపెట్టడంలో, అంకెలు గుర్తుపట్టడంలో, ఏది పెద్దదో చెప్పడంలో, ఏ సంఖ్య ఏ చోట ఉండాలో గుర్తించడంలో మెరుగు వచ్చింది. తొమ్మిది వారాల తర్వాత చూసినా నిలిచింది. రంగుల పటం వాళ్లకు రాలేదు. ఇది 2008లో అచ్చయింది. గుండ్రటి పటం కంటే తిన్నటి పటం మేలని ఆ తర్వాత వాళ్లే చూపించారు.

నాకు వీటన్నిటి కంటే 2014లో ఎలీడా లాస్కీ, సీగ్లర్ చేసిన పని ఎక్కువ పనికొచ్చింది. వంద గళ్ల పటం మీద పిల్లవాడి కాయ 37లో ఉంది, రెండు పడింది. "ఒకటి, రెండు" అంటూ జరిపిస్తే లాభం దాదాపు లేదు. "ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది" అంటూ జరిపిస్తే లాభం కనబడింది. పటం అదే, పందెం అదే, నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే మారింది. మన వైకుంఠపాళి ఇంట్లో ఉంటే ఈ రాత్రే ఇలా ఆడించవచ్చు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఆ పటంలో వరసలు పాములాగే మెలికలు తిరుగుతాయి, ఒక వరస ఎడమ నుంచి కుడికి, పై వరస కుడి నుంచి ఎడమకి. చిన్నపిల్లలకు అక్కడ దారి తప్పుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు నాపరాయి మీద ఒకటి నుంచి ఇరవై దాకా తిన్నగా గళ్లు గీసి, పిల్లనే కాయగా గెంతించడం మేలు. తొక్కుడుబిళ్ల ఆడిన కాళ్లకు అది కొత్తేమీ కాదు.

ఇక్కడిదాకా కథ సాఫీగానే ఉంది. ఢిల్లీలో చిక్కు వస్తుంది. ప్రథమ్ సంస్థ నడిపే 214 బాలవాడీల్లో దాదాపు 1,540 మంది పిల్లలను తీసుకుని, మొయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు వాళ్లలో కొందరితో కొన్ని నెలలపాటు గణితం ఆటలు ఆడించారు. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువ, ఆకారాల్లో ఏది వేరు, అలాంటివి. 2017లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఫలితం ఇది: గుంపుల్ని, ఆకారాల్ని పోల్చే శక్తి పెరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ ఒకటో తరగతికి వెళ్లాక బడి లెక్కల్లో ఆ పిల్లలకు మిగతావాళ్ల కంటే మొగ్గు ఏమీ లేదు. ఆటలు బాగున్నాయి, పిల్లలు బాగా ఆడారు, నేర్చుకున్నారు కూడా. నేర్చుకున్నది బడి గుమ్మం దాటలేదు.

2025లో నేచర్ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం దీన్ని తిరగేసి చూపించింది. అభిజిత్ బెనర్జీ, డుఫ్లో, స్పెల్కీ బృందం ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో కూరగాయలు, సామాన్లు అమ్మే పిల్లలను పధ్నాలుగు వందల మందికి పైగా పరీక్షించింది. కిలో ఇంత అయితే ముప్పావుకిలో ఎంత, నోటు ఇస్తే చిల్లరెంత, అన్నీ నోటితో చెప్పారు. అదే లెక్క కాగితం మీద తీసివేతగా, భాగహారంగా ఇస్తే చాలామంది తడబడ్డారు. బజారు అనుభవం లేని బడిపిల్లలు దీనికి సరిగ్గా తలకిందులు: కాగితం మీద చేస్తారు, బజారు లెక్క నోటితో చెప్పలేరు. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫీలో నూనెస్, షిలీమన్, కేరహర్ ఐదుగురు వీధి వ్యాపారి పిల్లలతో చేసిన చిన్న పరిశీలనలో బండి దగ్గర 98 శాతం లెక్కలు సరిగ్గా వచ్చాయి, అవే కాగితం మీద పెడితే 37 శాతం.

బెనిషాన్ మామిళ్ల కాలంలో రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని కూర్చునే పిల్లలను చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. కిలో 60 అయితే రెండున్నర కిలోలకు ఎంత అంటే ఆ పిల్ల "రెండు కిలోలు నూటా ఇరవై, అర కిలో ముప్పై, నూట యాభై" అని తూకం దించేలోపు చెబుతుంది. 60 × 2.5 అని పలక మీద రాస్తే ఆగిపోతుంది. ఆ రెండూ ఒకటేనని ఆమెకు ఎవరూ చూపించలేదు. మన బడుల్లో ఇంకో గోడ కూడా ఉంది. ఇంట్లో ఆట తెలుగులో నడుస్తుంది, బడిలో లెక్క ఇంగ్లీషులో నడుస్తుంది. నోటితో "పదమూడు" అన్న పిల్ల థర్టీన్, థర్టీ దగ్గర తడబడుతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు వేయడం మంచి ఏర్పాటే. ఇంట్లో దాన్ని తెరిచి రెండు పేజీలూ పక్కపక్కన చదివించే తీరిక ఎంతమందికి ఉందన్నది వేరే మాట.

ఈ నాలుగైదు అధ్యయనాలను ఒకచోట పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. సీగ్లర్ ఆటలో పటం మీదే అంకె రాసి ఉంది, పిల్ల దాన్ని పైకి చదివింది. ఢిల్లీ ఆటల్లో పోల్చడం ఉంది, రాసిన అంకెకున్న చోటు చిన్నది. బజారులో లెక్క ఉంది, రాత లేదు. ఆటకూ రాతకూ ముడి వేసినచోట లెక్క బడిదాకా వచ్చింది, వేయనిచోట ఆటలోనే ఆగింది. "ఆడించండి చాలు, అదే వస్తుంది" అనే ఇప్పటి ఉత్సాహం నాకు అందుకే నచ్చదు. ఆటను వదిలేసి వర్క్‌బుక్కులు దిద్దించే పాత పద్ధతి ఇంకా నచ్చదు.

ముడి వేయడమంటే ఏమిటో ఒక తీసివేతలో చూడండి. 52లోంచి 27. చీపురుపుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు పిల్ల ముందు పెట్టండి. ఏడు తీయమంటే విడివి రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పాలి. విప్పిన క్షణంలోనే నోటుబుక్కులో 5 కొట్టేసి 4 రాయించాలి, 2 మీద 12 రాయించాలి. పుల్లలతో మొత్తం చేసి, తర్వాత ఎప్పుడో రాయిస్తే అవి రెండు వేరు వేరు పనులుగా మిగిలిపోతాయి. ఇప్పుడు పన్నెండులోంచి ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లోంచి రెండు పోతే రెండు: 25. రెండు మూడు రోజులయ్యాక పుల్లలకు బదులు కాగితం మీద నిలువు గీత ఒక కట్ట, చుక్క ఒక పుల్ల. ఇంకో వారానికి అంకెలే. చేత, బొమ్మ, గుర్తు అనే ఈ మూడు మెట్లను జెరోమ్ బ్రూనర్ 1966లో పుస్తకంగా రాశాడు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం పుణ్యమా అని ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయినప్పుడు టీచర్లకు నేర్పిన పూసల సామగ్రిలో కూడా వరస ఇదే: విడి పూస, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం. ఆ పెట్టె కొనాలంటే డబ్బు కావాలి. చీపురు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

వస్తువు ఎంత ఆకర్షణగా ఉంటే అంత మంచిదని బొమ్మల దుకాణాలవాళ్లు చెబుతారు. పరిశోధన అలా చెప్పడం లేదు. 2009లో నికోల్ మెక్‌నీల్ బృందం పిల్లలకు డబ్బు లెక్కలిచ్చి కొందరికి అచ్చం నిజం నోట్లు, బిళ్లల్లాంటివి, కొందరికి ఊరికే అంకె రాసిన చీటీలు ఇచ్చింది. నిజంలాంటి నోట్లు పట్టుకున్నవాళ్లు ఎక్కువ తప్పులు చేశారు, అయితే ఆ తప్పులు అర్థం కాక చేసినవి తక్కువ. ఇంట్లో కొట్టు ఆట ఆడేటప్పుడు గాంధీ బొమ్మల నోట్లతో మొదలుపెట్టి, రెండోసారి పాత కేలండరు చింపిన చీటీల మీద 10, 1 అని రాసి ఆడించడం ఇందుకే మంచిది. 2013లో కార్బొన్నో తదితరులు 55 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా తేలింది ఇదే: వస్తువులతో నేర్పడం సాయపడుతుంది గానీ, పక్కన పెద్దవాళ్లు దారి చూపకుండా పిల్లవాడి మానాన పిల్లవాణ్ణి వదిలేస్తే పెద్దగా ఒరగదు.

పాత కేలండరు మాట వచ్చింది కాబట్టి: గోడ మీది కేలండరులో ఏ మూడు వరసల, మూడు నిలువుల చదరమైనా పిల్లను ఎంచుకోమనండి. తొమ్మిది తేదీల మొత్తం మధ్య తేదీకి తొమ్మిది రెట్లు. నడిమి తేదీ 16 అయితే మొత్తం 144. మీరు చూడకుండా చెప్పేస్తే పిల్ల నోరు తెరుస్తుంది. ఎందుకు అలా వస్తుందో కనుక్కోమని వదిలేస్తే ఒకరోజు పడుతుంది, ఒక్కోసారి వారం. మద్రాసు గణిత ఉపాధ్యాయుడు పి.కె. శ్రీనివాసన్ కేలండరు లెక్కల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ఆకారాల పాఠానికి ఈ ప్రాంతమంత అదృష్టం అందరికీ దొరకదు. ఆళ్లగడ్డలో కర్నూలు–కడప రోడ్డు పొడవునా శిల్పుల కొట్టాలు. సగం చెక్కిన రాతి మీద గీతలు స్పష్టంగా కనబడతాయి. శిల్పశాస్త్రంలో తాళం అంటే ముఖం పొడవు, తాళానికి పన్నెండు అంగుళాలు. ఇక్కడి అంగుళం శిల్పి లెక్కలోని కొలత, స్కేలు మీదిది కాదు. నవతాళ విగ్రహం తొమ్మిది ముఖాల ఎత్తు, 108 అంగుళాలు. విగ్రహం అడుగెత్తుదైనా ఆరడుగులదైనా నిష్పత్తి అదే. ఇంటికి వచ్చి పిల్ల ముఖాన్ని నుదుటి మీది వెంట్రుకల మొదలు నుంచి గడ్డం దాకా దారంతో కొలిచి, ఆ దారం ఎత్తులోకి ఎన్నిసార్లు వస్తుందో చూడండి. నాయనకు ఎన్నిసార్లు వస్తుంది, చిన్న తమ్ముడికి ఎన్నిసార్లు? చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, కాబట్టి లెక్క తగ్గుతుంది. బాలుడి విగ్రహానికి శిల్పులు తక్కువ తాళాలు తీసుకునేది అందుకే. నిష్పత్తి పాఠాన్ని ఇంతకంటే బాగా మొదలుపెట్టే దారి నాకు తెలియదు. ఉలి పట్టనివ్వకపోయినా, కొట్టం బయట పిల్లలు నిలబడి చూస్తామంటే కాదనే శిల్పి అరుదు.

గుడి ముందు పూలమ్మే ఆమె మూరకూ పక్కామె మూరకూ తేడా ఎందుకన్నది కొలతల పాఠం. ముగ్గు లెక్కల పాఠం. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు అంటే మధ్యలో ఏడు, అటూ ఇటూ ఆరు, ఐదు, నాలుగు: మొత్తం 37. ఏడు, ఐదు, మూడు, ఒకటి అని పెడితే 25. మొదటి సగంలో 1, 3, 5, 7 కలిపి 16, రెండో సగంలో 5, 3, 1 కలిపి 9. బేసి సంఖ్యలు వరసగా కూడితే వర్గాలు వస్తాయన్న సంగతి ధనుర్మాసంలో వాకిట్లో పరుచుకుని ఉంటుంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి బృందం 1970ల్లో ముగ్గులను కంప్యూటరు వ్యాకరణాలుగా మార్చి చదివింది. అగ్గిపుల్లలు, సైకిలు షాపులో దొరికే వాల్వ్ ట్యూబు ముక్కలతో త్రిభుజం, చతురస్రం చేసి నొక్కి చూపించిన అరవింద్ గుప్తాను ఇక్కడ తలచుకోవాలి. త్రిభుజం కదలదు, చతురస్రం వాలిపోతుంది. కరెంటు టవరు నిండా త్రిభుజాలే ఎందుకున్నాయో పిల్ల తర్వాత తనే చెబుతుంది.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి. 2015లో షికాగో పరిశోధకులు రెండు విషయాలు చూపించారు. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేసిన ఇళ్లలో పిల్లలు తక్కువ నేర్చుకున్నారు, భయం కూడా అంటించుకున్నారు. అదే ఏడాది ఇంకో అధ్యయనంలో 587 మంది ఒకటో తరగతి పిల్లలున్నారు. రాత్రి పడుకోబోయే ముందు చిన్న కథ, దాని మీద ఒకటి రెండు లెక్కల ప్రశ్నలు, వాటి గురించి కబుర్లు. లెక్కల భయమున్న తల్లిదండ్రుల పిల్లలకే ఎక్కువ లాభం వచ్చింది. భయమున్న మనిషి హోంవర్కు చెప్పకుండా కబుర్లు చెబితే చాలునన్నమాట. మా వైపు ఈ మాట ఎంత చెప్పినా తక్కువే. "నాకు చదువు రాదు, నేనేం చెప్తాను సార్" అనే తల్లి పొద్దున్నే పత్తి కూలీల లెక్క, వారం వడ్డీ లెక్క నోటితో చెప్పేస్తుంది. ఆమె చేయాల్సింది ఆ లెక్కను పిల్ల వినేలా బయటికి అనడం. కాగితం మీద పెట్టే పని పిల్లకే ఇవ్వవచ్చు.

అబాకస్ తరగతుల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. వడోదరలో మూడేళ్లపాటు చీటీలు తీసి ఎంపిక చేసిన పిల్లలతో జరిగిన పరీక్షలో కూడికలు, తీసివేతలు కొంత మెరుగయ్యాయి. జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం దొరకలేదు. ఫీజు కట్టగలిగితే కట్టండి, మెదడు మారిపోతుందని కట్టకండి.

తెలుగులో చదవడానికి ఏముంది? తొలి పేరు పావులూరి మల్లనది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసినవాడు. ఆ మూలగ్రంథంలో హారంలా కనబడే గుణకారాలు కొన్ని ఉన్నాయి: 142857143ను 7తో గుణించమనండి, జవాబు రెండు చివర్లా ఒకట్లు, మధ్యలో అన్నీ సున్నాలు. చేత్తో చేసిన పిల్ల మొహం చూడాలి. మన కాలంలో తిరుపతి ఆచార్యులు పి.వి. అరుణాచలం సామాన్యులకు గణితం గురించి ఓపిగ్గా రాశారు. జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక, మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలు పల్లెబడుల దాకా చేరాయి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లె పిల్లల కోసం కట్టిన కార్డుల పద్ధతి, ఒక గదిలో నాలుగు తరగతులు ఎవరి మెట్టు మీద వాళ్లు ఎక్కే నిచ్చెన, రాయలసీమ మట్టిలో పుట్టి దేశమంతా తిరిగింది. అందులో ఆట, వస్తువు, రాత ఒకే కార్డుల వరసలో వస్తాయి, నేను పైన చెప్పిన ముడి అక్కడ ముందే వేసి ఉంది.

ఎక్కాలను వెనకేసుకు రావడానికి నేను సిగ్గుపడను. అర్థం కాకుండా బట్టీ పట్టించడం తప్పే. ఏడెనిమిదులు యాభై ఆరని నాపరాళ్ల వరసల్లో లెక్కపెట్టి చూశాక దాన్ని నోటికి రప్పించడం మాత్రం అవసరమే, లేకపోతే భాగహారంలో ప్రతి అడుగుకూ పిల్ల వేళ్ల మీదికి పోతుంది. రెండు నుంచి తొమ్మిది దాకా ఎక్కాల్లో రెండు నుంచి తొమ్మిది వరకు చూస్తే 64 గుణకారాలు. ఏడెనిమిదులూ ఎనిమిదేడులూ ఒకటేనని తెలిసిన పిల్లకు నేర్వాల్సినవి 36. ఆ 36లో చిన్నవి తీసేస్తే ఇబ్బంది పెట్టేవి పది, పన్నెండు. వాటికి చీట్లు రాసి పేకాటలా ఆడించండి, తప్పేమీ లేదు.

ఐదో తరగతి దాటాక ఇంటి ఆటలు పలచబడతాయని ఒప్పుకోవాలి, భిన్నాల దగ్గర మరీ. జొన్నరొట్టెను సగం, పావు చేయడం బాగానే ఉంటుంది. పాత కొలతల్లో గిద్దె నుంచి అరసోల, సోల, తవ్వ, మానిక దాకా అన్నీ రెట్టింపులే కాబట్టి సగాల లెక్క అవ్వల నోట్లో ఆడేది. మూడో వంతు, ఐదో వంతు వచ్చేసరికి రొట్టె పనికిరాదు, ముక్కలు సమానంగా రావు, ఆకలి ముందుంటుంది. ఒకటి కంటే పెద్ద భిన్నాన్ని ఒక్క రొట్టె మీద చూపించలేం కూడా. అక్కడ కాగితపు పట్టీ మేలు. 24 సెంటీమీటర్ల పట్టీ కత్తిరించి, ఎనిమిదిలో మూడు వంతులు పెద్దవా, మూడో వంతు పెద్దదా అని అడగండి. మొదటిది 9 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 8 దగ్గర ఆగుతాయి. ఈ పొడవు మీరే ఇచ్చారు కాబట్టి ఇది ఇంకా మీ ఆటే. తర్వాత 2/5, 3/7 రాసి, వీటిని పోల్చడానికి ఎంత పొడవు పట్టీ కావాలని పిల్లనే అడగాలి. మొదట 12 అంటుంది, కత్తిరించి చూసి పెదవి విరుస్తుంది. 35 అని తనే అన్నదంటే 14, 15 కాగితం మీద వచ్చేస్తాయి, కత్తెర తీయక్కర్లేదు.